నాలుగో గదిలో ఒకరు

నేను చేసే పని ఏమిటో చెప్పమంటే ఇప్పటికీ కాస్త తడుముకుంటాను. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఆదేశం ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో అర్థమయ్యేలా రాసిపెట్టడం నా ఉద్యోగం. ఇదివరకు మనుషులు చదవడానికి రాసేదాన్ని. రెండేళ్ళుగా ఏఐ ఏజెంట్లు చదవడానికి రాస్తున్నాను. ఏజెంటంటే మనం చెప్పిన పని విని, తనకిచ్చిన ఆదేశాల్లో దేన్ని వాడాలో తానే ఎంచుకుని వాడే ప్రోగ్రాం. అది యంత్రాన్ని చూసి ఎరగదు. మనం రాసిన రెండు మూడు వాక్యాలు చదివి, నమ్మి, పని మొదలుపెడుతుంది.

మొన్న జూన్‌లో నాచారంలోని ఒక మందుల కంపెనీలో నెల రోజుల పని దొరికింది. నేనుండేది ఉప్పల్‌లో, రింగ్ రోడ్డుకు దగ్గరలో ఒక అద్దె గది. పొద్దున బస్సెక్కి నాచారం చౌరస్తాలో దిగి, షిఫ్టుకొచ్చే బైకుల మధ్య నుంచి నడుచుకుంటూ పోయేదాన్ని. ఆ వాడంతా ఒక వాసన ఉంటుంది, స్పిరిట్, తడిసిన అట్టపెట్టె కలిపినట్టు. మూడో రోజుకు ముక్కు అలవాటు పడిపోయింది.

నాకు ఇచ్చిన చోటు గోదాములో మేడ మీది కంట్రోల్ రూమ్. అద్దంలోంచి చూస్తే కింద పొడవాటి వరండా, దానికి ఒక పక్క నాలుగు ఇనుప తలుపులు కనబడేవి. మూడు గదుల్లో మందుల ముడిసరుకు మైనస్ ఇరవై డిగ్రీల చలిలో ఉంటుంది, చలికోటు లేనిదే ఎవరినీ లోపలికి పోనివ్వరు. నాలుగో తలుపుకు మాత్రం ‘వాడుకలో లేదు’ అని బోర్డు తగిలించి ఉంది. ఆ గదులను నడిపే ఆదేశాలు మొత్తం నలభై ఒకటి. తలుపు మూయడం, చలి పెంచడం, సైరన్ మోగించడం, గదిలో ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పడం, గదిలో ఉన్న మైకు, స్పీకరు ద్వారా లోపలివాళ్ళతో మాట్లాడడం, ఇలాంటివి. కార్మికులు కూడా చదవాలి కాబట్టి వివరణలన్నీ తెలుగులోనే ఉండాలన్నారు.

ఏది ఏమిటో నాకు నేర్పడానికి బుచ్చిరాములు అనే ఆపరేటర్‌ని ఇచ్చారు. యాభై దాటిన మనిషి. ఇద్దరం జనగామ వైపు వాళ్ళమని తెలియగానే నన్ను చెల్లెను చేసుకున్నాడు. చదివింది ఏడో తరగతే గాని, నేను రాసిన వాక్యంలో ఎక్కడ లొసుగుందో ఇట్టే పట్టేసేవాడు.

“సెల్లె, ‘ప్రమాదం ఉంటే సైరన్ మోగించు’ అని రాసినవ్. ప్రమాదమంటే ఏంది? ఎలుక ఉరికినా ప్రమాదమే అనుకుంటది గది. పొగ వస్తే, మనిషి పడిపోతే అని ఇప్పి రాయి.”

విప్పి రాసేదాన్ని. అలా వారం గడిచింది. ముప్పై ఒకటో ఆదేశం దగ్గర ఆగిపోయాను.

అది నాలుగో గదిది. పేరు ‘క్లియర్ రూమ్’. పాత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన వివరణ పక్కనే ఉంది. ఒకటే వాక్యం.

గదిని ఖాళీ చేస్తుంది.

ఆ వాక్యం నాదే. చూడగానే తెలిసిపోయింది. ఐదేళ్ళ కింద, నా మొదటి ఉద్యోగంలో, హబ్సిగూడలో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని ఏదో గోదాము సాఫ్ట్‌వేర్‌కు రెండు వందల ఆదేశాలకు రెండు రోజుల్లో తెలుగు వివరణలు రాశాను. ఏ యంత్రమో, ఏ ఊరో చెప్పలేదు. ఇంజనీరు ఇచ్చిన రెండు ఇంగ్లీషు మాటలను తెలుగు చేసి, తర్వాతి దానికి వెళ్ళిపోయాను. పైన రాసినవారి పేరు ఉండే గడి ఖాళీగా ఉంది. అప్పట్లో మా పేర్లు పెట్టేవాళ్ళు కాదు.

ఆ పని మొత్తం చూసే మేనేజరు విక్రమ్‌ని అడిగాను. “ఆ గది వాడటం లేదు కదా. ముట్టుకోకు. మిగతావి చూడు,” అన్నాడు.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు రాములన్నను అడిగాను, ఆ గది ఎందుకు మూసేశారని. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“శామ్యూల్ అని నా జోడీదారు ఉండె,” అన్నాడు. “తొమ్మిదేండ్లు ఒక్కటే షిఫ్టు. నేనుండేది కీసరల, వాడుండేది దమ్మాయిగూడల. ఇద్దరం ఒక్క బండి మీద వచ్చేటోళ్ళం. మూడేండ్లాయె. ఆ దినం నాలుగో గదిలకెళ్ళి సరుకంత ఎత్తిన్రు. గది ఖాళీ అయింది, కంప్యూటర్ల ఎక్కియ్యాలె. వాడు లోపల ఊడుస్తుండు. నేను ఈ కుర్సీలనే ఉన్న. లిస్టు సూసిన. ‘గదిని ఖాళీ చేస్తుంది’ అని రాసి ఉన్నది. సరుకు లేదని రాసుకుంటది కావచ్చు అనుకుని నొక్కిన.”

నేను నా డబ్బా పక్కకు పెట్టాను.

“అది సరుకు లెక్క కాదు సెల్లె. గదిల ఉన్న గాలిని ఎల్లగొట్టి నైట్రోజన్ నింపుతది. గాలి తగిలితే పాడయ్యే మందుల కోసం పెట్టిన గది అది. నైట్రోజన్‌కు వాసన ఉండదు, సప్పుడుండదు. వాడు చీపురు పట్టుకునే కూసున్నడు. ఇరవై నిమిషాలకు పోయి సూసిన.” ముద్దను డబ్బాలో వదిలేశాడు. “ఎంక్వయిరీల నాదే తప్పన్నరు. నాదే. నొక్కింది నేనే కద.”

“ఆ నైట్రోజన్ పైపు ఇప్పుడు...”

“ఉన్నది. బోర్డు తగిలిచ్చిన్రు గంతే.”

అది రాసింది నేనే అన్నా, అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆయన డబ్బా మూత పెట్టి లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను కూర్చునే ఉన్నాను. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు కూడా.

ఆ వారమే ఏజెంటును పరీక్షకు పెట్టారు. గదుల సెన్సర్లు, గేటు పాసుల్లోని పేర్లు, చిరునామాలు చదవడం, మైకు, స్పీకరు వాడడం వరకు దానికి వదిలారు. గ్యాసు, చలి, తలుపులు ఇంకా దాని చేతికి ఇవ్వలేదు. నా వివరణల్లో ఏదైనా అర్థం కాకపోతే తెర మీద నన్నే అడుగుతుంది. మొదటి రోజు మామూలు ప్రశ్నలే అడిగింది. రెండో రోజు సాయంత్రం, నేను సంచి సర్దుకుంటుంటే ఒకటి వచ్చింది.

‘గదిలో ఎంతమంది మనుషులున్నారో చెబుతుంది, అని రాశారు. మనుషులంటే ఊపిరి తీస్తున్నవారు మాత్రమేనా?’

ఎందుకడుగుతున్నావని టైప్ చేశాను.

‘నాలుగో గదిలో ఉన్నవారిని లెక్కలో చేర్చాలో వద్దో తెలియడం లేదు.’

లెక్కల పట్టీ తెరిచాను. ఒకటో గది, సున్నా. రెండు, సున్నా. మూడు, సున్నా. నాలుగు... ఒకటి.

రాములన్నను పిలిచాను. ఇద్దరం కిందికి వెళ్ళాం. ఆయన తాళం తీశాడు. ఆ గదికి చలి యంత్రం మూడేళ్ళుగా ఆపేసే ఉంది. జూన్ ఉక్కపోతలో వరండాలో మా బట్టలు ఒంటికి అతుక్కుంటున్నాయి. కానీ ఆ తలుపు పిడి పట్టుకోగానే చెయ్యి జివ్వుమంది. లోపల ఏమీ లేదు. ఖాళీ రేకు గోడలు, నేల మీద దుమ్ము, ఒక మూల గోడకు మైకు, స్పీకరు ఉన్న చిన్న పెట్టె. ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న గదిలో ఉండాల్సిన ముక్క వాసన కూడా లేదు. ఏ వాసనా లేదు. నాచారం వాసన కూడా తలుపు దగ్గరే ఆగిపోయింది.

రాములన్న గడపలోనే నిలబడ్డాడు. “లెక్క ఎంత సూపిచ్చింది?” అన్నాడు మెల్లగా.

“ఒకటి.”

ఆయన తల ఊపాడు. ఆశ్చర్యపడలేదు. అది నాకు నచ్చలేదు.

విక్రమ్ సెన్సర్ పాడైందని కొత్తది వేయించాడు. కొత్తదీ ఒకటే అంది. గోడల్లో తేమ వల్ల అన్నాడు. అలా పది రోజులు పైనే గడిచాయి. పొద్దున రాగానే నేను మొదట ఆ పట్టీయే చూసేదాన్ని. రాములన్న నా వాక్యాలను సరిదిద్దడం మానేశాడు. ఎప్పుడు చూసినా అద్దం దగ్గర నిలబడి కిందికి చూస్తుండేవాడు. ఒకసారి అడిగాడు, “సెల్లె, గా ఏజెంటు లోపలోళ్ళతోని మాట్లాడుతది కద. వాడేమన్న అంటుండా?”

“లాగ్ విక్రమ్ సార్‌కే కనబడుతది అన్నా. నాకు కనబడదు,” అన్నాను. నిజమే చెప్పాను. కనబడనందుకు సంతోషించాను కూడా.

ఆదివారం వచ్చింది. ఫ్యాక్టరీకి సెలవు. సోమవారం నుంచి ఏజెంటు పూర్తి పని మొదలుపెట్టాలి కాబట్టి ఆ పొద్దున్నే తలుపులు, చలి, గ్యాసు అన్నీ దానికి కలిపారు. విక్రమ్ దానికి ఒక పని అప్పజెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆరు గంటలకల్లా అన్ని గదుల్లో మనుషుల లెక్క సున్నా ఉండేలా చూడు, తర్వాత నాకు రిపోర్టు పంపు. ఎవరూ లేరని రూఢి చేసుకుంటుందని ఆయన ఉద్దేశం. నేను మిగిలిన వివరణలు పూర్తి చేయడానికి వచ్చాను. రాములన్న ఎవరూ రమ్మనకపోయినా వచ్చాడు.

నాలుగున్నరకు మబ్బు కమ్మింది. వాన పడలేదు గాని వెలుతురంతా పోయింది. కింద వరండాలో ట్యూబ్‌లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. గేటు దగ్గర వాచ్‌మన్ రేడియో ఎక్కడో సన్నగా వినబడుతోంది. రాములన్న చాయ్ తెస్తానని వెళ్ళాడు. పావుగంటైనా రాలేదు. అద్దంలోంచి చూశాను. నాలుగో గది తలుపు ఓరగా తెరిచి ఉంది. బోర్డు తీసి పక్కన గోడకు ఆనించి ఉంది.

చూస్తుండగానే తలుపు మూసుకుంది. మెల్లగా. చప్పుడు లేకుండా.

తెర వైపు తిరిగాను. నాలుగో గది... ఇద్దరు.

ఏజెంటు తన ప్రణాళిక రాస్తోంది. పెద్ద పని ఏది చేసే ముందైనా ఏం చేయబోతోందో రాసి పది నిమిషాలు ఆగడం దానికి నియమం.

‘నాలుగో గదిలో ఇద్దరున్నారు. ఆరు గంటలకు సున్నా ఉండాలి. బయటికి రమ్మని అడిగాను. ఒకరు జవాబు చెప్పలేదు. ఒకరు రానన్నారు. తలుపు మూశాను. నా దగ్గర ఉన్న ఆదేశాల్లో ఈ పనికి తగినది క్లియర్ రూమ్. వివరణ: గదిని ఖాళీ చేస్తుంది. పది నిమిషాల్లో వాడతాను.’

ఎలా దిగానో గుర్తులేదు. పిడి పట్టుకుని గుంజాను. రాలేదు. బయటి నుంచి ఏజెంటు తాళం వేసింది. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే పిడి వేరే ఉంటుంది. రాములన్న నాకు మొదటి రోజే చూపించాడు. ఆయన తోయడం లేదు. తలుపు బాదాను. చెవి ఆనించి విన్నాను. ఇనుము చెంపకు అంటుకుపోయేంత చల్లగా ఉంది. లోపల ఆయన గొంతు వినబడుతోంది. గొణిగినట్టు, బుజ్జగించినట్టు. మధ్య మధ్య ఆగుతున్నాడు. ఎవరో చెప్పేది వింటున్నట్టు...

“అన్నా, బయటికి రా. జర తలుపు తొయ్యి.”

గొంతు ఆగింది. మళ్ళీ మొదలైంది.

విక్రమ్‌కు ఫోన్ చేశాను. కలవలేదు. ప్రణాళికను ఆపే అధికారం ఆయనొక్కరికే ఉంది. కరెంటు తీసేద్దామంటే మెయిన్ స్విచ్ ఉన్న గది తాళం కూడా ఆయన దగ్గరే. పైకి పరుగెత్తాను. ఆరు నిమిషాలున్నాయి. నా చేతిలో ఉన్నది ఒక్కటే, వివరణ మార్చే అధికారం. పదిహేను రోజులుగా నేను ముట్టుకోకుండా వదిలేసిన ముప్పై ఒకటో ఆదేశం.

పాత వాక్యం తీసేసి, ‘ఈ గది వాడుకలో లేదు. ఈ ఆదేశం వాడవద్దు’ అని రాసి పంపాను.

జవాబు వెంటనే వచ్చింది. ‘ఎందుకు వాడకూడదో రాయలేదు. గది వాడుకలో లేకపోతే లోపల ఇద్దరెందుకు ఉన్నారు? వారిని ఖాళీ చేయడం ఇంకా అవసరం.’

నాలుగు నిమిషాలు.

మళ్ళీ రాశాను. ‘ఈ ఆదేశం గదిలోని గాలిని బయటికి నెట్టి నైట్రోజన్ నింపుతుంది. మనుషులను బయటికి పంపదు. లోపల ఉన్న మనిషి ఊపిరాడక కొద్ది నిమిషాల్లో చనిపోతాడు. వాసన రాదు, నొప్పి తెలియదు, అరవడానికి సమయం ఉండదు. లోపల ఒక్కరున్నా వాడకూడదు. మూడేళ్ళ కింద ఇలాగే ఒక మనిషి చనిపోయాడు.’

పంపబోతే ఒక గడి తెరుచుకుంది. ప్రమాదానికి సంబంధించిన వివరణ మారిస్తే అది నింపక తప్పదు. పాత వివరణ ఎందుకు తప్పు?

రెండు నిమిషాలు.

కంట్రోల్ రూమ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరూ చూడటం లేదు. ‘అసంపూర్ణం’ అని ఒక్క మాట కొట్టినా సరిపోయేది. కానీ ఏజెంటు మళ్ళీ ఎందుకని అడిగితే సమయం లేదు. రాసేశాను. ‘అది రాసింది నేను. యంత్రం చూడకుండా, ఎవరినీ అడగకుండా రాశాను. నా పేరు హిమజ.’

పంపాను.

తెర కదలలేదు. కింద పైపులో ఏదో బిగుసుకున్న చప్పుడు... ఒక్కసారి. ఎంతసేపో తెలియదు.

‘అర్థమైంది. ఈ ఆదేశం వాడను. తలుపు తాళం తీశాను.’

నేను కిందికి వెళ్ళేసరికి రాములన్న వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద సన్నటి మంచు పొడి. పెదవులు నీలంగా ఉన్నాయి. నేను ఆయన చేతులు రుద్దుతూ కూర్చున్నాను. చాలాసేపటికి మాట వచ్చింది.

“నన్ను ఏమనలేదు సెల్లె. తిడతడనుకున్న. తిట్టలే.”

“ఎవరన్నా?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “ఒక్కటే అడిగిండు. మల్ల మల్ల అదే అడిగిండు. గా మాట రాసింది ఎవరన్నా, అని. నాకు తెల్వదు బిడ్డా అన్న. సచ్చినా తెల్వదన్న. ఇనడు.”

అప్పుడైనా చెప్పాల్సింది. ఆయన చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. “ఇంటికి పోదాం అన్నా,” అన్నాను.

తెల్లవారి ఆయనకు జ్వరం వచ్చింది. రెండు రోజులు దవాఖానాలో ఉండి కీసర వెళ్ళిపోయాడు. కంపెనీ ఆ గది పైపు కోయించింది. నా పని ముగిసింది. వారం తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. గొంతు తేలికగా ఉంది. మూడేళ్ళలో మొదటిసారి రాత్రి పూర్తిగా నిద్రపోయానన్నాడు. “లెక్క సున్నా సూపిస్తుందట, విక్రమ్ సార్ చెప్పిండు. వాడు పోయిండు సెల్లె. నిమ్మళంగ పోయిండు,” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అది రాసింది నేనేనని మాత్రం అప్పుడూ చెప్పలేదు.

నిన్న సాయంత్రం విక్రమ్ నుంచి మెయిల్ వచ్చింది. పని ముగిసిన రిపోర్టుకు లాగ్ జతచేయాలి, ఒకసారి చూసి సరేనను, అని. ఏజెంటు ఏ ఆదేశం ఎప్పుడు వాడిందో వరసగా ఉంది. నాలుగో గది మైకులో విన్నదంతా అది మాటల్లోకి మార్చి రాసిపెట్టింది.

పదమూడు రోజులు. రోజుకు ముప్పై, నలభైసార్లు. ప్రశ్న ఒకటే. ‘గా మాట రాసింది ఎవరు?’ ఏజెంటు జవాబూ ఒకటే. ‘నమోదు లేదు.’

ఆదివారం, ఐదు గంటల పన్నెండు నిమిషాలు. నా వివరణ చేరిన నిమిషం. ‘గా మాట రాసింది ఎవరు?’

‘హిమజ. ఉప్పల్‌లో ఉంటారు.’

ఆ తర్వాత నలభై నిమిషాలు మైకులో ఏమీ లేదు. నాలుగో గది లెక్క సున్నా అయిన నిమిషంలో మాత్రం ఇంకొక వరస ఉంది. లాగ్‌లో అదే ఆఖరిది. ఎన్నిసార్లు చదివినా దాన్ని ఎలా తీసుకోవాలో నాకు తెలియడం లేదు.

‘ఆమెకు చలికోటు ఉన్నదా?’

ఏజెంటు జవాబిచ్చింది. ‘తెలియదు.’